దర్యాప్తు చేసే మనసుకు గాయమైతే

1979 జూన్‌లో ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్ పోలీసులు విలేకరులను పిలిచి ఒక ఆడియో టేపు వినిపించారు. వరసగా స్త్రీలను చంపుతున్నది తానేనని చెప్పుకుంటూ, దర్యాప్తుకు పెద్దగా ఉన్న అసిస్టెంట్ చీఫ్ కానిస్టేబుల్ జార్జ్ ఓల్డ్‌ఫీల్డ్‌ను పేరు పెట్టి పిలిచి మరీ ఎగతాళి చేసిన గొంతు అది. ఓల్డ్‌ఫీల్డ్ ఆ గొంతును నమ్మారు. అందులో సండర్‌లాండ్ వైపు యాస ఉంది కాబట్టి ఆ యాస లేనివాళ్లను అనుమానితుల జాబితాలోంచి తప్పిస్తూ పోయారు. అసలు హంతకుడు పీటర్ సట్‌క్లిఫ్ యాస వేరు. దర్యాప్తు సాగినంత కాలంలో పోలీసులు అతన్ని తొమ్మిది సార్లు ప్రశ్నించారు, తొమ్మిది సార్లూ వదిలేశారు. టేపు వచ్చాక మరో ముగ్గురు స్త్రీల ప్రాణాలు పోయాయి. చివరికి 1981 జనవరిలో షెఫీల్డ్‌లో మామూలు గస్తీ పోలీసుల చేతికి అతను చిక్కాడు. 13 హత్యల్లో దోషిగా తేలాడు. టేపు పంపిన మోసగాడికి శిక్ష పడేసరికి 2006 వచ్చింది. ఓల్డ్‌ఫీల్డ్‌కు 1979లోనే గుండెపోటు వచ్చింది. 1980 చివర్లో ఆ కేసు బాధ్యత ఆయన చేతుల్లోంచి వేరొకరికి వెళ్లింది. 1985లో ఆయన కన్నుమూశారు.

ఆయనకు ఫలానా మానసిక వ్యాధి ఉండేదని ఇన్నేళ్ల తర్వాత మనం తేల్చడం తగదు. కానీ ఆ కేసు తర్వాత వ్యవస్థ ఏం నేర్చుకుందో పరిశీలించాలి. లీడ్స్‌లోని మిల్‌గార్త్ పోలీస్ స్టేషన్‌లో సమాచారమంతా కార్డుల మీద ఉండేది. ఆ కాగితాల బరువుకు గది నేలను కింది నుంచి బలపరచాల్సి వచ్చింది. ఒకే మనిషి గురించి వేర్వేరు కార్డుల్లో ఉన్న వివరాలు ఒకచోటికి చేరలేదు. ఆ లోపాన్ని ప్రభుత్వం గుర్తించి విచారణ జరిపించింది. 1980ల మధ్య నాటికి 'హోమ్స్' అనే కంప్యూటర్ వ్యవస్థ బ్రిటన్ పోలీసులకు అందింది. అంటే దర్యాప్తు పద్ధతికి తగిలిన దెబ్బకు మందు దొరికింది. దర్యాప్తు చేసిన మనిషికి తగిలిన దెబ్బను మాత్రం ఆ మనిషి సొంత వ్యవహారంగానే చాలాకాలం చూశారు. ఈ చూపు తప్పని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఏళ్ల తరబడి నేరాలు తవ్విన అధికారికి కలిగే మానసిక గాయం వృత్తిలో తగిలిన గాయం. అనుభవం దాన్ని ఆపలేదు, కాలం ఒక్కటే దాన్ని మాన్పలేదు. అయితే దానికి చికిత్స ఉంది. ఆ చికిత్స ఫలించడం సగం ఆ అధికారి మీద, సగం ఆయన పనిచేసే శాఖ మీద ఆధారపడి ఉంటుంది.

వైద్యశాస్త్రం ఈ గాయాన్ని గుర్తించింది కూడా ఆ రోజుల్లోనే. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో పీటీఎస్‌డీకి (దుర్ఘటన అనంతర ఒత్తిడి రుగ్మతకు) చోటిచ్చింది. దుర్ఘటన దృశ్యాలు పిలవకుండానే కళ్లముందుకు రావడం, వాటిని గుర్తుచేసే చోట్లనూ మనుషులనూ తప్పించుకు తిరగడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, నిద్ర కరవవడం, తన మీదా లోకం మీదా నమ్మకం చెదరడం దీని లక్షణాలు. నెల దాటినా ఇవి తగ్గకుండా బతుకును కుంటుపరిస్తేనే వ్యాధి అంటారు. మొదట్లో ఈ నిర్వచనం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులను, ప్రమాదం నుంచి బయటపడ్డ బాధితులను దృష్టిలో పెట్టుకుంది. 2013లో వచ్చిన ఆ పట్టిక అయిదో కూర్పు ఒక ముఖ్యమైన మాట చేర్చింది. వృత్తిరీత్యా ఘోరమైన వివరాలను పదే పదే ఎదుర్కొనేవాళ్లకూ ఇది రావచ్చని చెబుతూ, మానవ అవశేషాలను సేకరించే సిబ్బందినీ, పిల్లలపై అకృత్యాల కేసులు చూసే పోలీసులనూ ఉదాహరణగా చూపింది. న్యాయస్థానాలూ ఇదే దారిలోకి వస్తున్నాయి. లైంగిక నేరాల ప్రాసిక్యూషన్ విభాగంలో ఫైళ్లు చదివీ, బాధితులతో మాట్లాడీ పీటీఎస్‌డీ పాలైన ఒక ప్రభుత్వ న్యాయవాది కేసులో, ఆమెను కాపాడటంలో యజమాని సంస్థ విఫలమైందని 2022 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా హైకోర్టు తేల్చింది. ఆమెపై ఎవరూ దాడి చేయలేదు. ఘోరాన్ని రోజూ చదివి, విని, రాయడమే ఆమెను దెబ్బతీసింది.

కాగితం మీది ఘోరం మెదడును ఎలా గాయపరుస్తుంది? మన ఠాణాల్లో జరిగే శవ పంచనామానే తీసుకుందాం. స్థానిక పెద్దమనుషుల సమక్షంలో అధికారి శవాన్ని తల నుంచి పాదాల దాకా చూడాలి. ఏ గాయం ఎక్కడుంది, ఎంత పొడవుంది, ఏ ఆయుధంతో అయి ఉండొచ్చు అన్నది వరసగా రాయాలి. దారినపోయేవాడు తల తిప్పుకునే చోట ఆయన కళ్లు పెట్టి చూడాల్సిందే. భయం, జుగుప్స కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్ ఉప్పొంగుతుంది. అమిగ్డలా అనే బాదంగింజంత భాగం మేల్కొని, ఆ క్షణాన్ని గట్టిగా ముద్రించమని మెదడును పురిగొల్పుతుంది. వాసన అయితే మిగతా ఇంద్రియాల సమాచారంలా థాలమస్ గుండా తిరిగి రాకుండా దాదాపు నేరుగా అక్కడికి చేరుతుంది. మార్చురీ వాసన ఏళ్ల తర్వాత కూడా మనిషిని నిలువునా కదిలించడం వెనక ఈ దగ్గరి దారి ఉంది. ఇది ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, తర్వాత ఏమైంది అని సందర్భాన్ని కూర్చే పని హిప్పోక్యాంపస్‌ది. తీవ్రమైన ఒత్తిడిలో ఈ కూర్పు సరిగ్గా సాగదన్నది చాలామంది పరిశోధకులు అంగీకరించే వివరణ. తేదీ, నంబరు వేయని ఫైలు ఏ బల్ల మీద పడితే ఆ బల్ల మీద తేలినట్టు, ఆ జ్ఞాపకం ఏ వాసనకో, ఏ గొంతుకో లేచి వస్తుంది. లేచినప్పుడు అది జరిగిపోయిన సంగతిలా ఉండదు, ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. బ్రిటన్‌లో పనిచేసిన మనస్తత్వవేత్తలు ఆంకే ఏలర్స్, డేవిడ్ క్లార్క్ 2000లో ప్రతిపాదించిన నమూనాకు ఇదే కేంద్రం. ప్రమాదం గడిచిపోయినా మెదడు దాన్ని వర్తమానంగానే లెక్కిస్తూ ఉంటుంది.

ఒక్క ఘటన ఇంత పని చేస్తే, 20 ఏళ్ల సర్వీసులో వందల ఘటనలు ఏం చేస్తాయి? ఉగాండాలో తలదాచుకున్న శరణార్థులపై 2004లో ప్రచురితమైన అధ్యయనంలో, మనిషి ఎదుర్కొన్న ఘోరాల రకాలు పెరిగేకొద్దీ వ్యాధి పాలైనవాళ్ల శాతం మెట్టు మెట్టుగా పెరిగింది. పోలీసు బతుకు శరణార్థి బతుకు కాదు. అయినా ఒకదాని మీద ఒకటి పేరుకునే గుణం రెండింటిలోనూ కనిపిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా సహాయ, రక్షణ సిబ్బంది మీద జరిగిన 28 అధ్యయనాలను 2012లో గుదిగుచ్చి చూస్తే దాదాపు 10 శాతం మందిలో పీటీఎస్‌డీ తేలింది. బ్రిటన్‌లో 2018లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు దాదాపు 17 వేల మంది పోలీసు సిబ్బందిని పలకరించారు. ఘోరాలను ఎదుర్కొన్నామని చెప్పినవాళ్లలో ప్రతి అయిదుగురిలో ఒకరికి ఈ లక్షణాలున్నాయి. వాళ్లలోనూ ఎక్కువమందిలో కనిపించింది సంక్లిష్ట పీటీఎస్‌డీ. అంటే భయంతో పాటు, నేను పనికిరాను అన్న భావన, ఉద్వేగాల మీద పట్టు తప్పడం, అయినవాళ్లతో కూడా దూరం పెరగడం. సుదీర్ఘంగా, తప్పించుకునే వీలు లేకుండా అనుభవించిన ఒత్తిడి వల్ల ఈ రకం వస్తుంది. సీనియర్ అధికారి ఇంట్లోవాళ్లు చెప్పే ఫిర్యాదు చాలాసార్లు ఇదే. ఆయనకు భయమేమీ లేదండీ, మాతో మాట్లాడటమే మానేశారు అంటారు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. పోలీసులు ఏరి కోరి ఎంపికైనవాళ్లు, శిక్షణ పొందినవాళ్లు, కాబట్టి అనుభవం వాళ్లను కాపాడుతుంది కదా అని. దీనికి ఆధారం లేకపోలేదు. న్యూయార్క్ జంట భవనాల విధ్వంసం తర్వాత శిథిలాల్లో పనిచేసినవాళ్లను రెండు మూడేళ్లకు పరిశీలిస్తే, ఏ సంస్థకూ చెందని స్వచ్ఛంద సేవకుల్లో 21.2 శాతం మందికి పీటీఎస్‌డీ ఉండగా పోలీసుల్లో 6.2 శాతం మందికే ఉంది. తేడా పెద్దదే. శిక్షణ లేనివాడి కంటే శిక్షణ ఉన్నవాడు ఒక ఘటనను మెరుగ్గా తట్టుకుంటాడని ఇది రుజువు చేస్తోంది, దాన్ని ఒప్పుకోవాలి. అయితే ఇక్కడ కొలిచింది ఒక మహా విపత్తును ఎదుర్కొన్న తీరును. ఎడతెగకుండా వచ్చిపడే చిన్న పెద్ద ఘోరాల లెక్క ఇందులో లేదు. పైగా పోలీసులు తమ లక్షణాలను తగ్గించి చెప్పే అవకాశం ఎక్కువ. పిస్టల్ తీసేసుకుంటారని, ప్రాధాన్యం లేని లూప్‌లైన్ పోస్టులో వేస్తారని, ప్రమోషన్ ఆగుతుందని భయం ఉన్నచోట ప్రశ్నపత్రం మీద టిక్కులు నిజాయితీగా పడవు. ఇంకా చెప్పాలంటే, 6.2 శాతం అన్నది కూడా వేల మంది పోలీసులున్న నగరంలో చిన్న సంఖ్య కాదు. శిక్షణ నూటికి ఎందరు పడిపోతారన్నదాన్ని తగ్గిస్తుంది. పడిపోయినవాడికి అది ఊరట ఏమీ ఇవ్వదు. నిబ్బరంగా ఉండాల్సినవాణ్ణే ఇలా అయ్యానేమిటన్న సిగ్గు ఆ పైన తోడవుతుంది.

ఘోరాలు ఒక్కటే కారణమని చెప్పినా లెక్క తప్పుతుంది. అమెరికాలో మూడు నగరాల పోలీసుల మీద 2002లో వెలువడిన పరిశోధన, వాళ్ల మానసిక క్షోభకు ప్రమాదకర ఘటనలతో పాటు రోజువారీ పని వాతావరణం బలమైన కారణమని చూపింది. పై అధికారుల తీరు, అన్యాయం జరుగుతోందన్న భావన, వేళాపాళా లేని డ్యూటీలు ఆ వాతావరణంలో భాగం. మన దగ్గర ఈ మాట ఇంకా బరువైనది. కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు 21 రాష్ట్రాల్లో దాదాపు 12 వేల మందితో మాట్లాడి తెచ్చిన 2019 నివేదిక ప్రకారం మన దేశంలో పోలీసు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నాడు. దాదాపు ఇద్దరిలో ఒకరికి వారపు సెలవు లేదు. ఉద్వేగాలను చల్లార్చి, జ్ఞాపకాలను కుదురుగా అమర్చడంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది. పొద్దున శవ పంచనామా, మధ్యాహ్నం బందోబస్తు, రాత్రి కేస్ డైరీ రాసుకునే దర్యాప్తు అధికారికి ఆ నిద్రే కొరవడుతుంది. గాయపడ్డ తర్వాత కోలుకోవడానికి కావలసిన వనరును మనం గాయం కాకముందే లాగేసుకుంటున్నాం.

చెడిపోయిన కేసులో మరో పొర ఉంటుంది, అది అపరాధ భావం. హంతకుడు దొరకలేదనో, దొరికినవాణ్ణి వదిలేశామనో, మనం చేసిన తప్పు వల్ల ఇంకో ప్రాణం పోయిందనో కలిగే క్షోభను భయంతో కలిపి చూడకూడదు. వియత్నాం యుద్ధ సైనికులకు వైద్యం చేసిన జోనథన్ షే వంటివాళ్లు దీన్ని నైతిక గాయం అన్నారు. చేయాల్సినది చేయలేకపోయాననీ, చేయకూడనిది చేశాననీ, నమ్మినవాళ్లే మోసం చేశారనీ కలిగే గాయం ఇది. తొమ్మిది సార్లు ఎదురుగా కూర్చున్నవాడే హంతకుడని తెలిసినప్పుడు ఏ అధికారికైనా తన్నుకొచ్చే ప్రశ్న ఒకటే, అప్పుడే ఎందుకు కనిపెట్టలేకపోయాం అని. దీనికి విజ్ఞానశాస్త్రం ఇచ్చే జవాబు ఎంతో ఊరటనిస్తుంది. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వవేత్త 1814 నాటి బ్రిటిష్-గూర్ఖా యుద్ధం గురించిన వివరణను కొందరికి చదవడానికిచ్చాడు. ఒక్కో గుంపుకు ఒక్కో ముగింపు నిజమని చెప్పాడు. ఆంగ్లేయులు గెలిచారని విన్నవాళ్లు అదే జరిగే అవకాశం మొదటి నుంచీ ఎక్కువని లెక్కగట్టారు. గూర్ఖాలు గెలిచారని విన్నవాళ్లూ అంతే చేశారు. ముగింపు తెలియనట్టు అనుకుని చెప్పండి అన్నా ఆ ప్రభావం పోలేదు. ఫలితం తెలిశాక గతం మనకు తేటగా కనిపిస్తుంది. ఆ రోజున ఆ తేటదనం లేదు. దర్యాప్తులో నిజంగా జరిగిన తప్పుకు ఈ పరిశోధన మాఫీ ఇవ్వదు. అప్పుడు తెలిసినదానికీ ఇప్పుడు తెలిసినదానికీ మధ్య గీత గీయడం నేర్పుతుంది. ప్యాట్రీషియా రెసిక్ రూపొందించిన చికిత్సా విధానంలో సుమారు 12 సిట్టింగులలో చికిత్సకుడూ రోగీ కలిసి చేసే ప్రధానమైన పని ఇదే. నావల్లే ఇదంతా అన్న వాక్యాన్ని కాగితం మీద పెట్టి, అనుకూల సాక్ష్యం ఎంత, ప్రతికూల సాక్ష్యం ఎంత అని పరీక్షిస్తారు. ఒక డిటెక్టివ్‌కు ఇంతకంటే తెలిసిన పని ఉండదు.

అసలు కోలుకోవడం ఎలా జరుగుతుంది? మరిచిపోవడం వల్ల అయితే కాదు. భయపెట్టిన జ్ఞాపకం చెరిగిపోదనీ, దాని పక్కన కొత్త జ్ఞాపకం ఒకటి పెరిగి దాన్ని అదుపులో పెడుతుందనీ పావ్లోవ్ కాలం నుంచి జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. ఎడ్నా ఫోవా తీర్చిదిద్దిన చికిత్సలో రోగి కళ్లు మూసుకుని, జరిగినదాన్ని వర్తమానంలో జరుగుతున్నట్టు మొదటి నుంచి చివరి దాకా చెబుతాడు. ఆ మాటలను రికార్డు చేసి ఇంటి దగ్గర మళ్లీ మళ్లీ వింటాడు. మొదట్లో గుండె దడదడలాడుతుంది. చెప్పగా చెప్పగా మెదడుకు రెండు సంగతులు పట్టుబడతాయి. తలుచుకున్నంత మాత్రాన ప్రమాదం తిరిగి రాదు, ఆ ఘటనకు ఒక మొదలూ ఒక చివరా ఉన్నాయి. పోలీసులకే ప్రత్యేకంగా చేసిన ప్రయోగమూ ఉంది. నెదర్లాండ్స్‌లో బెర్థోల్డ్ గెర్సన్స్ బృందం పీటీఎస్‌డీ ఉన్న 42 మంది పోలీసులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు 16 సిట్టింగుల చికిత్స ఇచ్చి, రెండో గుంపును వేచి ఉండమన్నది. ఘటనను కళ్లు మూసుకుని చెప్పడంతో పాటు, కోపాన్నంతా ఉత్తరంగా రాయడం (పోస్టు చేయరు), ఆ ఘటన తనకేం నేర్పిందో ఆలోచించడం, చివరగా జీవిత భాగస్వామి సమక్షంలో ఆ కాలానికి వీడ్కోలు పలికే చిన్న తంతు జరపడం అందులో ఉన్నాయి. 2000లో వెలువడిన ఫలితాల్లో, చికిత్స పొందినవాళ్లలో అత్యధికులు వ్యాధి పరిధి దాటి బయటపడ్డారు. వేచి ఉన్న గుంపులో సగం మందికి వ్యాధి అలాగే ఉంది. ఉద్యోగంలోకి తిరిగి రావడంలోనూ చికిత్స పొందినవాళ్లే ముందున్నారు. 42 అన్నది చిన్న సంఖ్యే. కానీ సైనికుల మీదా, అత్యాచార బాధితుల మీదా, ప్రమాద బాధితుల మీదా జరిగిన ఎన్నో పెద్ద ప్రయోగాలు చూపిన దారి కూడా ఇదే.

పుండును కెలికితే మానుతుందా అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయడానికి వీల్లేదు. 1983లో జెఫ్రీ మిచెల్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ప్రకారం, ఘోరం జరిగిన కొద్దిరోజుల్లోనే సిబ్బందినంతా కూర్చోబెట్టి ఒకే విడతలో మనసులోనిదంతా చెప్పించేవాళ్లు. వినడానికి బాగుంది. 1997లో కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరినవాళ్ల మీద ఇలాంటి ఒక్క విడత చర్చను పరీక్షించారు. 13 నెలల తర్వాత చూస్తే, ఆ చర్చ జరిగినవాళ్లలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది, జరగనివాళ్లలో 9 శాతం మందికే ఉంది. మొదట్లోనే మొదటి గుంపువాళ్ల గాయాలు కాస్త ఎక్కువన్న విమర్శ ఉన్న మాట నిజమే. అయితే ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన 2002 నాటి కోక్రేన్ సంస్థ సమీక్ష కూడా, ఒక్క విడత చర్చ వ్యాధిని నివారించదనీ, తప్పనిసరిగా చేయించడం మానాలనీ తేల్చింది. కాబట్టి కెలకడం ప్రమాదమే. ఇంకా రక్తం ఆరని గాయాన్ని, అడగనివాడి దగ్గర, నలుగురి ముందు, ఒక్కసారే విప్పి అలాగే వదిలేసినప్పుడు అది ప్రమాదం. నెలలు గడిచినా మానని గాయాన్ని, ఒప్పుకున్న మనిషి దగ్గర, శిక్షణ ఉన్న చికిత్సకుడు వారం వారం విప్పి శుభ్రం చేసి మూయడం చికిత్స. ఈ రెండింటికీ తేడా తెలియని శాఖలు, ఒక్క పూట కౌన్సెలింగ్ శిబిరం పెట్టి బాధ్యత తీరిందనుకుంటున్నాయి.

కాలమే మందు అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో సగం నిజం. ఘోరాన్ని చూసినవాళ్లలో ఎక్కువమంది కొన్ని వారాల్లో తమంతట తామే కుదుటపడతారు. అందుకే తొలి నెలలో అందరికీ చికిత్స అక్కర్లేదు. విశ్రాంతి, నిద్ర, ఇంటివాళ్ల తోడు, గమనిస్తూ ఉండటం చాలు. మిగిలినవాళ్లకు కాలం మందు కాకపోగా ఎదురు తిరుగుతుంది. ఎందుకంటే ఆ కాలంలో వాళ్లు చేసేది తప్పించుకోవడం. ఆ వీధిలోకి వెళ్లరు, ఆ ఫైలు ముట్టరు, రాత్రి నిద్ర కోసం మందు తాగుతారు. మద్యం నిద్రను తెప్పించినట్టే తెప్పించి, కలలు వచ్చే దశను చెల్లాచెదురు చేస్తుంది. తప్పించుకున్న ప్రతిసారీ కలిగే ఊరట, ఆ భయం నిజమేనని మెదడుకు మళ్లీ పాఠం చెబుతుంది. సానుభూతితో ఇచ్చే దీర్ఘ సెలవు, వేరే ఊరికి బదిలీ కూడా ఒక్కోసారి ఇదే పని చేస్తాయి. చికిత్స లేని సెలవు మనిషిని తన జ్ఞాపకంతో ఒంటరిగా వదిలేస్తుంది.

చివరి అభ్యంతరం శాఖల నుంచి వస్తుంది. దీన్ని వృత్తి గాయంగా ఒప్పుకుంటే లేనివాళ్లు కూడా ఉందంటారనీ, ఉన్నవాళ్లు విధులకు పనికిరారనీ వాదిస్తారు. నడుం నొప్పి విషయంలోనూ అబద్ధం చెప్పేవాళ్లు ఉంటారు. అంత మాత్రాన ఎముకల వైద్యం మానేయలేదు. కెనడాలోని ఒంటారియో 2016లో చట్టం చేసి, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది వంటివాళ్లకు పీటీఎస్‌డీ వస్తే అది ఉద్యోగం వల్లే వచ్చిందని ముందుగా భావించాలని నిర్దేశించింది. కాదని రుజువైతే తప్ప అదే చెల్లుతుందని చెప్పింది. పనికిరారన్న మాటకు డచ్ ప్రయోగమే జవాబు, చికిత్స తీసుకున్నవాళ్లు పనిలోకి వచ్చారు. శాఖకు నష్టం చేసేది బయటపడ్డ గాయం కాదు, దాచిన గాయం. నిద్రలేని, విసిగిన, అపరాధ భావంతో కుంగిన అధికారి సాక్షి మాట సరిగ్గా వినలేడు, ఒకే అనుమానాన్ని పట్టుకుని వేలాడతాడు, ఠాణాకు వచ్చిన బాధితురాలి మీద విరుచుకుపడతాడు. ఆయన కోలుకోవడం ఆమెకు జరగాల్సిన న్యాయంలో భాగం.

కాబట్టి చేయాల్సినవి అస్పష్టంగా ఏమీ లేవు. హత్యలు, పోక్సో కేసులు, శవాల గుర్తింపు వంటి పనుల్లో ఒకే మనిషిని ఏళ్ల తరబడి ఉంచకుండా వంతులు వేయాలి. ఏటా జరిగే ఆరోగ్య పరీక్షల్లో బీపీ, షుగర్‌లతో పాటు ఈ లక్షణాల గురించి అడగాలి, ఆ జవాబులు సర్వీసు రికార్డులోకి ఎక్కకూడదు. చికిత్సకు వెళ్లిన సమయాన్ని డ్యూటీగా లెక్కించాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 జూన్‌లో పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించింది. అలాంటి నిర్ణయం ప్రతి ఠాణాలో నిలబడాలంటే ఖాళీలు నింపాలి, సెలవు రోజున బందోబస్తుకు పిలవకూడదు. 2022 నుంచి దేశమంతటా 14416 నంబరులో టెలి మానస్ సేవ తెలుగులోనూ అందుతోంది. అది మొదటి పలకరింపు మాత్రమే. దాని వెనక ప్రతి జిల్లాలో ఈ చికిత్సల్లో తర్ఫీదు పొందిన మనస్తత్వవేత్తలు ఉండాలి. గుండె రాయి చేసుకోమని కొత్త ఎస్సైకి చెప్పే సీనియర్లు ఆ సలహా మానాలి. నేనూ చికిత్స తీసుకున్నాను, మళ్లీ కేసులు చూస్తున్నాను అని ఒక్క పెద్ద అధికారి పదిమందిలో చెబితే, ఎన్ని సర్క్యులర్లు పంపినా కదలని కిందివాళ్లు చికిత్స గది తలుపు తట్టే ధైర్యం చేస్తారు.